ఖాళీ బరకం

కునుగి అనే ఆ అధికారి ఎప్పుడొచ్చినా చేతిలో తీపి డబ్బా ఉంటుంది. కబురు ఎంత చెడ్డదైతే డబ్బా అంత పెద్దది. ఆ రోజు అతను రెండు చేతులా మోసుకొచ్చిన డబ్బా చూడగానే నరుసే ఇత్సుమికి సగం సంగతి అర్థమైపోయింది.

"అమ్మో, ఇంత పెద్దదే! ఈసారి ఎవర్ని చంపుతున్నారు?" అంది, కుర్చీలోంచి లేవకుండానే.

"ఎంత మాట సెన్సే!" గురువుల్ని పిలిచే ఆ మాట లేకుండా కునుగి నోరు తెరవడు. "శుక్రవారం కమిటీ ఉంది కదా. ముందుగా ఒక మాట చెవిన వేసి పోదామని. మామూలే."

మామూలే. ఈ దేశంలో కమిటీ కూర్చునేది నిర్ణయించడానికి కాదు. నిర్ణయం ముందే అయిపోతుంది. అధికారులు గది గదికీ తిరిగి, ఒక్కొక్క తలకాయనే ఒప్పించి, నివేదిక రాసేసుకుని, ఆ తర్వాత అందరినీ బల్ల చుట్టూ కూర్చోబెడతారు. "అభ్యంతరం లేదు కదా?" అని అధ్యక్షుడు అడుగుతాడు. "లేదు" అని అందరూ ఒకే గొంతుతో అంటారు. టీ తాగి లేస్తారు. అందులో నిపుణుల పని గంగిరెద్దు పని. వీపు మీద బొంత, మెడలో గంట, సన్నాయి ఊదినప్పుడు తల ఊపడం. ఇత్సుమి తల మాత్రం అటూ ఇటూ ఊగేది. అదే ఆమెతో వచ్చిన చిక్కు.

నివేదిక తీసి చూసింది. మొదటి పేజీలోనే ఉంది: కొండ ప్రాంతపు కరెంటు లైను నిండిపోయింది, కొత్తవాళ్ళకు చోటు లేదు.

"దేంతో నిండింది?"

"కరెంటుతోనే సెన్సే."

"ఆ తీగల మీద పోయే కరెంటు వాటి సత్తాలో అయిదో వంతు కూడా లేదు. ఆ లెక్క నా దగ్గరుంది, నీ దగ్గరా ఉంది."

కునుగి మెడ గోక్కున్నాడు. "పోయేది అంతే. కానీ కేటాయించింది వేరు. కరెంటు కంపెనీ వారి అణు కేంద్రం మళ్ళీ నడిస్తే దానికి చోటు కావాలి కదా."

"సునామీ వచ్చిన రోజు ఆగింది. ఇంకా ఆగే ఉంది."

"ముందొచ్చినవాళ్ళది ముందు హక్కు. రూలు అలాగే ఉంది."

"రాని వాళ్ళది కూడానా?"

కునుగి డబ్బా ఇంకాస్త ముందుకు జరిపాడు.

ఆ రూలు కింద నలిగినవాళ్ళలో మినసావా అనే ఊరు ఒకటి. మంచు కరిగే కాలంలో ఏరు ఊరి మధ్యలోంచి అరుచుకుంటూ పోతుంది. ముసలివాళ్ళే మిగిలిన ఆ ఊరు తలా ఒక చెయ్యి వేసి, ఏటి మీద చిన్న చక్రం పెట్టుకుంది. కరెంటు అమ్మి, ఎప్పుడో ఆగిపోయిన బస్సు మళ్ళీ తెచ్చుకోవాలని. ఆస్పత్రికి పోవాలంటే కొండ దిగాలి మరి. చక్రం బిగించారు, నీళ్ళు వదిలారు, అది తిరిగింది. కంపెనీ నుంచి జవాబొచ్చింది, లైను నిండిపోయింది అని. అప్పట్నుంచి చక్రం ఊరికే తడుస్తోంది. శుక్రవారం ఈ నివేదిక గట్టెక్కితే అది ఇక పాత ఇనుమే.

"మీ పేరుంటే నివేదికకు ఒక గౌరవం," అన్నాడు కునుగి. "పైగా ఆ రోజు సాయంత్రం కోట పార్కులో సకురా పూల చెట్ల కింద కంపెనీ వారి విందు. కమిటీ అంతా వస్తున్నారు. చోటు పొద్దున్నే పట్టేస్తారు, మీరు శ్రమపడక్కర్లేదు." కాస్త ఆగి గొంతు తగ్గించాడు. "సెన్సే, ఇది మీకు మూడో కమిటీ. ముందు రెండింటిలో ఏం జరిగిందో మీకు గుర్తు చెయ్యాలా?"

అక్కర్లేదు. ఇత్సుమి బతుకంతా అదే. ఇంజనీరుగా ఇదే కంపెనీలో చేరినప్పుడు తనతో చేరిన మగపిల్లల్ని టవర్లు ఎక్కించి, తనను టీ కాయమన్నారు. ఆమె టీ కాచి, కప్పులు కడిగి, ఆ తర్వాత తాళం అడుక్కుని టవరెక్కింది. అణు కేంద్రానికి అలలను ఆపే గోడ ఎత్తు చాలదని కాగితం రాస్తే కాగితం మాయమైంది. కుర్చీ, పని లేకుండా చేసినవాళ్ళను కూర్చోబెట్టే కిటికీ పక్కకు మారింది. రాజీనామా పారేసి, గాలిమరల వెనకా ఏటి చక్రాల వెనకా పడింది. ఎవరూ నమ్మని రోజుల్లో పది ఊళ్ళలో చక్రాలు తిప్పింది. సునామీ తర్వాత దేశానికి హఠాత్తుగా ఆమె గుర్తొచ్చింది. టీవీలో కూర్చోబెట్టారు, కమిటీలో వేశారు. నోరు తెరవగానే తీసేశారు. మళ్ళీ అవసరం పడింది, మళ్ళీ వేశారు, మళ్ళీ తీసేశారు. నిపుణులంటే ఈ పెద్దమనుషులకు గొడుగు లాంటివాళ్ళు. వాన తగ్గాక ఎక్కడ మర్చిపోయారో కూడా తెలీదు.

ఆమె డబ్బా విప్పింది. నల్లగా నిగనిగలాడే ఎర్రచిక్కుడు హల్వా. మందంగా ఒక ముక్క కోసి కునుగి చేతిలో పెట్టింది. "తిను. మిగతాది మినసావా వాళ్ళకి పట్టుకెళ్తా. వాళ్ళు శుక్రవారం చూడ్డానికి వస్తున్నారు."

"చూడ్డానికే కదా? తాడు వెనక కూర్చునేవాళ్ళు మాట్లాడకూడదు, చప్పట్లు కొట్టకూడదు..."

"తుమ్మొచ్చా?"

*

శుక్రవారం మధ్యాహ్నానికి కోట పార్కు అంతా పూలే. ఈ కొండల్లో చలి ఇంకా పోలేదు. గాలికి రేకలు రాలుతున్నాయి. కమిటీ హాలు కందకానికి అవతలే. ఇత్సుమి హల్వా డబ్బా చంకలో పెట్టుకుని మినసావా వాళ్ళ కోసం వెతికింది. మరుగుదొడ్ల పక్కన, కంకర మీద, నిలబడి అన్నం ముద్దలు తింటూ కనిపించారు. పాతికమంది దాకా ఉన్నారు. వాళ్ళ పెద్ద ఒబరా తొమెజో టోపీ తీసి వంగాడు. పక్కన కిసె అవ్వ చేతికర్ర మీద రెండు చేతులూ ఆనించి నిలబడింది. ఆవిడ మోకాళ్ళ కోసమే ఆ బస్సు.

"ఇక్కడేంటి తొమెజో గారూ, ఈ కంపులో?"

"చోటు లేదు పంతులమ్మా. ఇక్కడివాళ్ళంతా తెల్లారకముందే ఆక్రమించేశారు. పార్కు నిండిపోయింది."

ఇత్సుమి తిరిగి చూసింది.

కోట గుట్ట కింద నుంచి పైదాకా ప్రతి చెట్టు కిందా నీలం బరకాలు. ప్రతి బరకానికి నాలుగు మూలలా రాళ్ళు, మధ్యలో అట్టముక్క మీద పేరు: ఫలానా బ్యాంకు, ఫలానా ఆఫీసు, ఫలానా తరగతి పూర్వ విద్యార్థులు. మనిషన్నవాడు లేడు. అందరూ సాయంత్రం ఆఫీసు అయ్యాక వస్తారు. అందరికంటే మంచి చెట్టు కింద, అందరికంటే పెద్ద బరకం. దాని మీద పేరు కంపెనీది. పూరేకలు దాని మీద పడి జారిపోతున్నాయి. తల్లుల వెంట వచ్చిన పిల్లలు దాని అంచు తొక్కకుండా కాలు ఎత్తెత్తి వేస్తున్నారు.

ముప్పై ఏళ్ళుగా పటాలు గీసి, గీతలు చూపించి, గొంతు పోయేలా చెప్పిన సంగతి కళ్ళెదుట పరిచి ఉంది. ఇత్సుమికి నవ్వొచ్చింది. ఆ తర్వాత ఒళ్ళు మండింది.

సరాసరి వెళ్ళి కంపెనీ బరకం ముందు నిలబడింది. బూట్లు విప్పింది. జతగా బయట పెట్టింది. వెళ్ళి మధ్యలో చతికిలబడింది.

తొమెజో చేతిలో ముద్ద ఆగిపోయింది. "పంతులమ్మా! అది... అది ఇంకొకరి చోటు!"

"ఎవరిది?"

"కంపెనీ వాళ్ళది! పేరుంది చూడండి!"

"పేరుంది. మనిషేడీ?"

ఎవరూ కదల్లేదు. ఇది చూడండి. ఈ కంపెనీయే వాళ్ళ చక్రం ఆపింది, వాళ్ళ బస్సు ఆపింది. రాత్రుళ్ళు తిట్టుకునేది ఈ కంపెనీనే. అయినా దాని ఖాళీ బరకం మీద కాలు పెట్టడానికి వాళ్ళకు కాలు రావడం లేదు. ఒకడు పరిచి పోయాడంటే అది దేవుడి గీతే. ఈ గడ్డ మీద పుట్టిన ఎవరికీ అక్కడ కాలు ఆడదు. ఇత్సుమికీ ఆడలేదు. కానీ కూర్చుంది.

"అవ్వా, మోకాళ్ళెలా ఉన్నాయి?" అని కేకేసింది.

"ఉన్నాయమ్మా, ఏడుస్తూ."

"రా, కూర్చో. వాళ్ళు రాగానే లేచిపోదాం. అరిగిపోతుందా, కరిగిపోతుందా? నేను కంపెనీని అడుగుతున్నది కూడా ఇంతే. మీరు లేనంతసేపూ లైను వాడుకుంటాం, మీరొచ్చిన క్షణాన మా చక్రం ఆపుకుంటాం. ఇందులో వాళ్ళ సొమ్మేం పోయింది?"

కిసె అవ్వ బరకం వైపు చూసింది, తన మోకాళ్ళ వైపు చూసింది. "మొహమాటానికి పోతే కడుపయిందన్నట్టు ఉంది నా బతుకు," అని, కర్ర తొమెజో చేతికిచ్చి, చెప్పులు విప్పేసింది. ఆవిడ కూర్చుని "అబ్బా, దేవుడా" అనగానే వెనక ఇంకొకరు, ఆ వెనక ఇంకొకరు. చివరికి తొమెజో కూడా. అతను మాత్రం అంచునే కూర్చున్నాడు, ఎప్పుడైనా లేవడానికి సిద్ధంగా.

ముద్దలు పంచుకున్నారు. హల్వా కోశారు. అప్పుడే కందకం వంతెన మీద నుంచి కంపెనీ డైరెక్టరు అకుత్సు, ఆయన వెనక కునుగి, ఇంకో ఇద్దరు ముగ్గురు కమిటీ పెద్దలు హాలు వైపు పోతూ కనిపించారు. వాళ్ళల్లో అందరికంటే ముసలాయన అధ్యక్షుడు శిరహతా. ఆయన కళ్ళు ఎప్పుడూ సగం మూసే ఉంటాయి.

అకుత్సు ఆగాడు. ఇత్సుమి, అతనూ ఒకే ఏడు ఒకే రోజు కంపెనీలో చేరినవాళ్ళు. ఆమె కాచిన టీ తాగి టవరెక్కినవాళ్ళలో అతనొకడు.

"నరుసే. ఏంటిది?"

"భోజనం. హల్వా తింటావా? మీ డబ్బుదే అనుకుంటా."

కునుగి ముఖం ఎర్రబడింది.

"ఇది మా చోటు. లెండి."

"ఇప్పుడు కూర్చుంటావా? కూర్చుంటానంటే లేస్తాం."

"సాయంత్రం!"

"అయితే సాయంత్రం లేస్తాం."

"లేస్తారు!" అకుత్సు వెటకారంగా నవ్వాడు. "ఒకసారి కూర్చోనిస్తే లేచేవాళ్ళని నేను పుట్టి చూడలేదు. లైను సంగతీ అంతే. ఎక్కించుకున్నాక ఎవడు దింపుతాడు? నువ్వా?"

చుట్టూ జనం పోగవుతున్నారు. ఎవరో కిసుక్కున నవ్వారు. శిరహతా సగం కళ్ళతో బరకాన్ని, దాని బయట వరసగా పెట్టిన పాత చెప్పుల్ని చూశాడు. "ఆలస్యమవుతోంది," అని కదిలాడు.

*

హాలులో అంతా రాసినట్టే సాగింది. కునుగి చదివాడు. పెద్దలు కాగితాలు తిప్పారు. తాడు వెనక మినసావా వాళ్ళు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. శిరహతా గొంతు సవరించుకున్నాడు.

"అభ్యంతరం లేదు కదా?"

"లేదు."

"ఉంది," అంది ఇత్సుమి.

ఎవరి చేతిలోనో పెన్ను జారి బల్ల మీద దొర్లింది. అందరూ ఒప్పుకుంటే తప్ప ఈ కమిటీలో ఏదీ గట్టెక్కదు. అందుకే ఎవరూ "ఉంది" అనరు. అంటే ఏం చెయ్యాలో కునుగి కాగితాల్లో రాసి లేదు.

"లైను నిండలేదు. లైను మీద బరకం పరిచి ఉంది, అంతే. దీని కింద నేను సంతకం పెట్టను."

శిరహతా టీ విరామం అన్నాడు.

నడవాలో అకుత్సు ఆమెను పట్టుకున్నాడు. ఈసారి గొంతు మెత్తగా ఉంది. "నరుసే, మనం ఒకేరోజు చేరినవాళ్ళం. చెప్పు, నీకు కావలసింది ఆ ఊరే కదా? మినసావా ఒక్కదానికి ఏదో సర్దుబాటు చేద్దాం. వచ్చే నెల్లోనే కలిపేస్తాం. మధ్యాహ్నం బరకం విషయంలో తప్పయిందని లోపల ఒక్క మాట అను. నివేదికకు తల ఊపు."

"మిగతా ఊళ్ళ సంగతి? ఇదే జవాబు వచ్చినవాళ్ళు ఈ జిల్లా నిండా ఉన్నారు."

"వాళ్ళందరి కోసం నువ్వు పుట్టావా?"

ఆమె తాడు వైపు చూసింది. బస్సు తనది కాదు. తన పట్టుదల కోసం ఒకరి మోకాళ్ళను పణం పెట్టే హక్కు తనకుందా? తాడు దగ్గరికి వెళ్ళి, అకుత్సు అన్నది అన్నట్టు చెప్పేసింది. "మీ బస్సు. మీరే చెప్పండి. ఒప్పుకోమంటే లోపలికెళ్ళి వంగి దణ్ణం పెడతా. నాకేం సిగ్గు లేదు."

తొమెజో టోపీ నలిపాడు. "వచ్చే నెల్లోనే అన్నాడా..." అన్నాడు. అతని గొంతులో ఆశ వినబడింది. తప్పు పట్టడానికేముంది?

కిసె అవ్వ కర్ర నేలకు కొట్టింది. "దొడ్డిదారిన ఇస్తాడంట! ఇవాళ ఇచ్చినవాడు రేపు తియ్యలేడా? అక్కడ్నుంచి ఈ కునుగి బాబు హల్వా డబ్బా పట్టుకుని మా ఇంటికి రావడం మొదలెడతాడు. ఒప్పుకో అవ్వా, తలూపు అవ్వా అని. నాకు పళ్ళు లేవు, తీపి పడదు."

"అవ్వా, ఆస్పత్రికి పోయేది నువ్వే," అన్నాడు తొమెజో.

"నా మోకాళ్ళు నావిరా. వాటి వంక పెట్టి నా మెడ వంచకు." లేచింది. "ఇక్కడ నోరెత్తకూడదంట. చలిగా కూడా ఉంది. పోయి మన చోట కూర్చుందాం పదండి."

"మన చోటేంటి?" అన్నాడు, టీ కప్పుతో అటు వచ్చిన కునుగి.

"వాళ్ళొచ్చేదాకా మనదే కదా బాబూ."

తొమెజో టోపీ పెట్టుకున్నాడు. అవ్వ వెనక నడిచాడు. తాడు వెనక కుర్చీలన్నీ ఖాళీ అయ్యాయి.

లోపల ఇత్సుమి మళ్ళీ అదే మాట అంది. ఉంది. శిరహతా ఇంకోసారి అడిగాడు. ఉంది. ఆయన సభను సాయంత్రం దాకా ఆపాడు, పూల కింద మనసులు చల్లబడతాయేమో అని.

*

సాయంత్రం వంతెన దాటగానే కమిటీ పెద్దలందరూ ఆగిపోయారు.

గుట్ట నిండా జనం. మినసావా వాళ్ళు మాత్రమే కాదు. వాళ్ళను చూసి పిల్లల తల్లులు బ్యాంకు బరకం ఎక్కారు, వైద్యశాల నుంచి పోతున్న ముసలివాళ్ళు పూర్వ విద్యార్థుల బరకం ఎక్కారు. ఎవరో పాట అందుకున్నారు. పొద్దున్నుంచీ నిండిపోయి ఖాళీగా పడున్న పార్కు ఇప్పుడు నిజంగా నిండింది.

కంపెనీ ఉద్యోగులు బీరు పెట్టెలు మోసుకుంటూ గుట్టెక్కారు. అకుత్సు రొమ్ము విరుచుకుని ముందుకొచ్చాడు. తగాదా కోసం గొంతు సిద్ధం చేసుకున్నాడు.

తొమెజో అతన్ని చూడగానే లేచాడు. "వచ్చారు, లెండి." అంతే. పాతికమందీ లేచారు. మెతుకులు ఏరారు. రాలిన రేకలు కూడా తుడిచారు. ఊడిన మూల రాయి సరిచేశారు. కిసె అవ్వ చెప్పులేసుకుంటూ అంది, "రండి బాబూ, వెచ్చగా ఉంది. కూర్చోండి."

గుట్ట మీద అన్ని చోట్లా అదే జరుగుతోంది. యజమానులొస్తున్నారు, జనం లేస్తున్నారు, ఒకరికొకరు వంగుతున్నారు. కొందరు యజమానులు కూర్చోమని బతిమాలుతున్నారు కూడా.

అకుత్సు సిద్ధం చేసుకున్న గొంతు ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడ్డాడు.

"అకుత్సు గారూ," అన్నాడు శిరహతా. కళ్ళు పూర్తిగా తెరిచి ఉన్నాయి. "వాళ్ళు లేచారు."

"అయ్యా, ఇది బరకం. అది లైను!"

"తేడా నాకు తెలుసు. లేవరు అన్నది మీరు. లైనులో అయితే లేవడానికి మొహమాటం కూడా అక్కర్లేదు, మీట చాలు. ఏమంటారు నరుసే గారూ?"

"మీట చాలు," అంది ఇత్సుమి. "సంకేతం రాగానే నీళ్ళు పక్కకు తిరుగుతాయి, చక్రం ఆగుతుంది. పది ఊళ్ళలో చేసి చూపించా."

శిరహతా కోటు సర్దుకున్నాడు. కమిటీ అంతా అక్కడే, బూట్లు విప్పుతూ ఒంటికాలి మీద ఉన్నారు. ఆయన హాలులో వాడే గొంతు తీశాడు. "సభ కొనసాగుతోంది. నివేదిక మారుతుంది. హక్కుదారు రానంతసేపు ఆ చోటు ఎవరైనా వాడుకోవచ్చు, వస్తే ఆగాలి. ఒక్క ఊరికి కాదు, అడిగిన అందరికీ. ఒక ఏడాది పరీక్షగా. అభ్యంతరం లేదు కదా?"

"లేదు," అన్నారు అందరూ ఒకే గొంతుతో.

బతుకంతా అలవాటైన నోళ్ళు. గంట మోగింది, తలలు ఊగాయి. అకుత్సు వెనకున్న బీరు పెట్టెలవాళ్ళు కూడా అనేశారు. అకుత్సు నోరు తెరిచేసరికి ఆలస్యమైపోయింది. అందరూ "లేదు" అన్నాక "ఉంది" అనడం ఈ దేశంలో ఒక్కరికే చేతనవును. ఆమె ఇప్పుడు పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

లాంతర్లు వెలిగించే వేళకు కునుగి ఆమె పక్కకు చేరాడు. "సెన్సే... వచ్చే ఏడాది కమిటీ పేర్లలో మీ పేరు... బహుశా..."

"ఉండదు. తెలుసు."

"నేను చెప్పి చూస్తాను కానీ..."

"వద్దు, నీ కుర్చీ కూడా కిటికీ పక్కకు పోతుంది. ఆ తాడు వెనక కుర్చీల మీద ఎవరి పేరూ లేదు కదా?"

"లేదు."

"అయితే ముందొచ్చి కూర్చుంటా. తుమ్ముతా కూడా."

కిసె అవ్వ కర్ర టకటకలాడించుకుంటూ వచ్చింది. హల్వా డబ్బా కునుగి చేతుల్లో పెట్టింది. ఖాళీ డబ్బా. మూత శుభ్రంగా తుడిచి ఉంది.

"మా ఊరికి బస్సొచ్చాక రా బాబూ," అంది. "వట్టి చేతుల్తో రా."